ఆయన బదులు నేను చెప్పిన జవాబులు

పోయిన నెల ఒక శుక్రవారం, జర్మనీలో మేముండే ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆయన పోయాడన్న కబురు వచ్చింది. సొంత ఊళ్ళోనే, రెండోసారి స్ట్రోక్ వచ్చి పోయాడట. గంటలో చేతులు జోడించిన బొమ్మలు తెర నిండా బారులు తీరాయి. వాటి మధ్య మా సంఘం అధ్యక్షుడు ఒక మెసేజ్ పెట్టాడు: "వచ్చే ఆదివారం ఆన్‌లైన్‌లో సంతాప సభ. కరోనా కష్టకాలంలో హాస్పిటల్లో ఆయనకు గొంతై నిలిచిన మేడమ్ గారు రెండు మాటలు మాట్లాడతారు."

ఆ మేడమ్ గారు నేనే.

గొంతై నిలిచానట. ఆ ముక్క చదివి ఫోన్ బోర్లా పెట్టేశాను. స్టవ్ మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆయన మాట ఆయనకు తిరిగి రాకుండా అడ్డుపడ్డవాళ్ళలో మొదటిదాన్ని నేను. ఈ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు, ఇంకొక ఆవిడకు తెలుసు. ఆయన పోయాడు. ఆవిడకు తెలుగు రాదు. నేను నోరు మెదపకపోతే ఈ మంచిపేరు ఇలాగే నాకు ఉండిపోతుంది. నిజం చెప్పడమా, పేరు ఉంచుకోవడమా అన్నది ఆదివారం లోపు తేల్చుకోవాలి.

ఆయన అసలు పేరు మాలో సగం మందికి ఆ మెసేజ్‌లో చూశాకే తెలిసింది. మాకు ఆయన వంటన్న. బ్యోబ్లింగెన్‌లో ఒక పంజాబీ ఆయన నడిపే రెస్టారెంట్‌లో వంట చేసేవాడు. జగిత్యాల దగ్గరి మనిషి. ఏళ్ళ తరబడి మస్కట్‌లో వండి, ఇక్కడికి వచ్చాడు. మేమంతా బ్లూ కార్డు వీసాల మీద వచ్చిన సాఫ్ట్‌వేర్‌వాళ్ళం, ఆఫీసు ఐడీ కార్డులు మెడలో వేసుకునే పండక్కి కూడా వచ్చే రకం. దీపావళికీ ఉగాదికీ హాలు తీసుకుంటే పులిహోర నుంచి పెరుగన్నం దాకా ఆయనే వండేవాడు. వేదిక మీద మేము స్పాన్సర్లకు శాలువాలు కప్పేవాళ్ళం. ఆయన హాలు వెనక వంటగదిలో ఒక బోర్లించిన డెక్చా మీద కూర్చుని అందరి తర్వాత తినేవాడు. ఇటొచ్చి మా వరుసలో కూర్చోండి అని మాలో ఒక్కళ్ళు అన్నట్టు నాకు గుర్తు లేదు. నేనైతే అనలేదు.

ఆయన నోరు ఊరుకునేది కాదు. ఎదురుగా మనిషి లేకపోతే ఉల్లిగడ్డలతో మాట్లాడేవాడు. "ఏందే, పొద్దుగాల్నే నన్ను ఏడిపియ్యనీకి వచ్చినవా?" అని ఒక్కో గడ్డనీ తిట్టి మరీ కోసేవాడు. బియ్యాన్ని "బిడ్డా" అని పిలిచేవాడు. పోపు వేసే ముందు మాత్రం ప్రతిసారీ, గదిలో ఒక్కడే ఉన్నా సరే, గొంతెత్తి చెప్పేవాడు: "ఇగో పోపు ఏస్తున్న, ఎనకకు జరుగుండ్రి." మస్కట్‌లో ఎప్పుడో నూనె చిట్లి పక్కవాడి ముఖం కాలిందట. అప్పటినుంచి అలవాటైపోయిందని చెప్పాడు.

రుచి చూడటానికి ఆయన చెంచా వాడడు. కుడిచేత్తో గరిట ఎత్తి, ఎడమచేయి బోర్లా తిప్పి, దాని మీద ఒక చుక్క వేసుకుని నాలికతో అందుకునేవాడు. ఆ క్షణం కళ్ళు మూసుకునేవాడు, మాట ఆపేది అప్పుడొక్కసారే. ఎవరైనా డెక్చాలోకి తొంగిచూసి "సూపర్ అన్నా" అంటే ముఖం మాడ్చుకునేవాడు. "రుచి సూడకుంట బాగుందనకుండ్రి. సూసినంక బాలేదనుండ్రి, మంచిగ ఇంట" అనేవాడు. ఈ మాట ఆయన నోట కనీసం ఇరవైసార్లు విన్నాను. వినడం వేరు, ఒంట్లోకి ఎక్కడం వేరు.

మనుషులకు ఆయన సొంత పేర్లు పెట్టేవాడు, వాళ్ళ తిండిని బట్టి. అధ్యక్షుడు "రెండప్పడాల సారు." నేను "ఉప్పు తక్కువ మేడం." మొదటిసారి ఆయన చేసిన పచ్చిపులుసు తిన్నప్పుడు నోరు ఆగక, "అన్నా, ఉప్పు తక్కువైంది" అన్నాను. మాది గుంటూరు, నోటి దురద ఎక్కువ. పక్కన కూర్చున్నావిడ మోచేత్తో పొడిచింది. ఆయన లోపలికెళ్ళి ఒక చుక్క చేతి మీద వేసుకుని చూసి, ఉప్పు డబ్బాతో బయటికొచ్చాడు. "నిజమే. ఈ మేడం ఒక్కతే తిన్నది, మీరందరు మింగిన్రు" అన్నాడు. ఆ రోజునుంచి ఆయనకు నేనంటే గురి. ఆ గురి గుర్తొచ్చినప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధి కాదు.

నా ప్రతిభ గురించి కూడా చెప్పాలి. నాకు జర్మన్ బాగా వచ్చు. ఎవరికి ఏ ఆఫీసులో అపాయింట్‌మెంట్ ఉన్నా, మాట సాయానికి నన్ను తీసుకెళ్ళేవాళ్ళు. నేను వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చెప్పేదాన్ని కాదు. సవరించి, నునుపు చేసి, అవతలివాళ్ళకు నచ్చేలా చెప్పేదాన్ని. అందుకే నేను పక్కనుంటే పని అవుతుందని పేరు. ఆయన వీసా పొడిగింపుకు కూడా నేనే వెళ్ళాను. మీకు ఇక్కడ ఎందుకు ఉండాలని ఉంది అని ఆఫీసరమ్మ అడిగింది. "ఏం జేస్త మేడం, ఊర్ల బోరు ఎండిపాయె" అన్నాడు ఆయన. "ఈ దేశపు ప్రజలకు మా వంటలు పరిచయం చేయడమంటే ఈయనకు చాలా ఇష్టం" అని నేను చెప్పాను. ఆమె నవ్వింది, పని జరిగింది.

బయటికొచ్చాక మెట్ల మీద ఆగి నన్ను ఎగాదిగా చూశాడు. "నేను గంత పెద్ద మాట అనలే గద మేడం."

"మీకు అర్థమైందా అన్నా?"

"కిచెన్ల మూడేండ్లసంది జర్మనోల్లతోనే గద పని. సగం సమజైతది." రెండు మెట్లు దిగి, "ఉప్పు తక్కువ మేడం, నా మాటల మాత్రం ఉప్పు మంచిగనే ఏసినవ్" అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయనకు సగం జర్మన్ అర్థమవుతుందన్న సంగతి మాత్రం మళ్ళీ గుర్తు పెట్టుకోలేదు.

కరోనా మొదటి శీతాకాలం. రెస్టారెంట్లు మూసేశారు, పార్సిళ్ళు మాత్రం ఇవ్వొచ్చు. వంటగదిలో ఆయన ఒక్కడే. ఒక మధ్యాహ్నం ఓనర్ లోపలికి వెళ్ళేసరికి నేల మీద పడి ఉన్నాడట, గరిట చేతిలోనే ఉందట. అంబులెన్స్ వచ్చి తీసుకెళ్ళింది, స్ట్రోక్ అన్నారు. హాస్పిటల్లోకి బయటివాళ్ళను రానివ్వని రోజులవి. ఓనర్ నా నంబరు ఇచ్చాడు.

ఐదోరోజున ఫోన్ వచ్చింది. అప్పటిదాకా ఆయన ఏ భాషవాడో తేల్చుకోలేక, హిందీ పదాల కాగితం ఒకటి ముందు పెట్టి చూశారట. పక్క మంచం మీద ఉన్న జర్మన్ ముసలాయనకు కూడా అదే జబ్బు, ఆయన దగ్గరికి మొదటిరోజే స్పీచ్ థెరపీ అమ్మాయి వచ్చిందట. మనవాడి గురించి మాత్రం "సహకరించట్లేదు" అని రాసుకున్నారు. నర్సు ఆ మాట నాతో మామూలుగానే అంది. ఆ వెంటనే డాక్టరు అడిగాడు, "ఈయన బడికి వెళ్ళాడా? చదవడం, రాయడం వచ్చా? ఇంతకుముందు కూడా ఇలాగే మాట్లాడేవాడా?"

ఆ ప్రశ్న వైద్యానికి అవసరమైన ప్రశ్న. అది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం చెవుల దాకా వేడెక్కింది. మనవాణ్ణి మొద్దు కింద జమకట్టేశారు, వీళ్ళకు చూపిస్తాను అనుకున్నాను.

టాబ్లెట్ తెర మీద ఆయన ముఖం కనబడింది. కుడిచెంప జారిపోయి ఉంది. పక్కన మాస్కూ దానిపైన ప్లాస్టిక్ తెరా పెట్టుకున్న థెరపీ అమ్మాయి, చేతిలో బొమ్మల కార్డులు. వెనక నర్సు చేతులు కట్టుకుని నిలబడింది. అమ్మాయి దువ్వెన బొమ్మ చూపించింది. ఇదేంటి అన్నా అని నేను తెలుగులో అడిగాను.

"తువ్వాల" అన్నాడు.

నేను జర్మన్‌లో దువ్వెన అన్నాను.

ఆరో తరగతిలో మా బడికి ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజున ముందు బెంచీ పిల్లకు వెనకనుంచి ఎక్కాలు అందించాను. ఆ పిల్ల పాసైంది, టీచరు నా భుజం తట్టింది. మన దగ్గర పరీక్ష అంటే మనవాళ్ళు గట్టెక్కాలి, అంతే. అడిగేవాడు అవతలి పక్షం. అదే ఊపులో ఉన్నాను నేను. తాళంచెవి చూపించారు. "తువ్వాల" అన్నాడు, అన్నాక అది కాదని తనకే తెలిసి ముఖం చిట్లించుకున్నాడు. నేను తాళంచెవి అన్నాను. కుర్చీ చూపించారు, మళ్ళీ తువ్వాలే. నేను కుర్చీ అన్నాను. గొడుగు చూపించారు. చాలాసేపు చూసి ఏదో శబ్దం చేశాడు, అది మాట కాదు. నేను గొడుగు అన్నాను. ఒక చిన్న వాక్యం చెప్పించమన్నారు, ఆయన నోట ముద్దగా వచ్చింది. "సరిగ్గానే అన్నాడు, కొంచెం యాస ఉంది" అన్నాను.

అప్పుడు ఆయన నా వైపు చూశాడు. అమ్మాయి వైపు కాదు, టాబ్లెట్‌లో నా వైపు. తల అడ్డంగా ఊపాడు, ఆగి మళ్ళీ ఊపాడు.

"ఏమంటున్నారు?" అని అమ్మాయి అడిగింది.

"మా దేశంలో అలా తల ఊపితే అవునని" అన్నాను నేను.

ఆ అమ్మాయి నవ్వి, చాలా బాగా చేశారు అని ఆయనకు బొటనవేలు చూపించింది. నేను ఆ మధ్యాహ్నమే సంఘం గ్రూపులో పెట్టాను, "మాటకు ఏమీ కాలేదు, చేయి ఒక్కటే కొంచెం బలహీనం." చప్పట్ల బొమ్మలు వచ్చాయి. డిశ్చార్జ్ కాగితంలో మాట దగ్గర రెండే ముక్కలు: లోపం కనబడలేదు, భాష సమస్య ఉంది. కుడిచేతికీ కాలికీ వ్యాయామాలు రాశారు. మాటకు వైద్యం రాయలేదు. రాయడానికి వాళ్ళకు నేనేమీ మిగల్చలేదు.

ఆఫీసులో నా ఉద్యోగం టెస్టింగ్. తప్పు కనబడితే తప్పని రాయడానికే నాకు జీతం ఇస్తారు. ఈ సంగతి ఇక్కడ చెప్పుకోవడం కూడా సిగ్గుగానే ఉంది.

ఆయన రెస్టారెంట్ మీది గదిలోకి తిరిగొచ్చాడు. జనవరిలో ఆయన భార్య ఊరినుంచి నాకు ఫోన్ చేసింది. నంబరు ఓనరే ఇచ్చాడట. "ఆయన మాట్లాడ్తలేడు మేడం. ఫోన్ ఎత్తుతడు, ఊఁ అంటడు, పెట్టేస్తడు. నా మీద కోపమొచ్చిందా? నేనేమన్న తప్పు జేసిన్నా?"

"లేదమ్మా, మందులకు నీరసంగా ఉంటుంది. కొన్నాళ్ళు పోతే సర్దుకుంటుంది" అన్నాను. నా గొంతు ఎంత నమ్మకంగా పలికిందో నాకే వినబడింది.

ఫిబ్రవరిలో ఒకసారి సరుకులు తీసుకుని వెళ్ళాను. రూల్స్ ప్రకారం గుమ్మం బయటే నిలబడ్డాను. ఆయన తలుపు తీసి, ఎడమచేత్తో ద్వారబంధం పట్టుకుని, చాలా ప్రయత్నం మీద "తువ్వాల" అన్నాడు. అది తువ్వాల అడగడం కాదని నాకు తెలుసు. బొమ్మల కార్డుల ముందు ఆ మాట నేను విన్నాను. తెలిసి తెలిసి, "సరే అన్నా, తెస్తాను" అని పారిపోయాను. మర్నాడు రెండు మంచి తువ్వాళ్ళు కొని తలుపుకు తగిలించి వచ్చాను. తర్వాత తెలిసింది, అధ్యక్షుడు కూడా ఒకటి తెచ్చాడట, ఇంకెవరో మూడు. ఆ గదిలో గోడ పక్కన ఆరు కొత్త తువ్వాళ్ళు మడత విప్పకుండా ఉండేవి. సంఘం తరఫున ఆయనకు మేము చేసిన సాయం అది.

జూన్‌లో నాకొక ఫోన్ వచ్చింది. ఒక ఆడమనిషి, జర్మన్‌లో, కొంచెం సాగదీసినట్టు మాట్లాడింది. ఘానా ఆవిడ. రెస్టారెంట్ ఉన్న వీధిలోనే ఉంటుంది. హాస్పిటల్ లాండ్రీలో ముప్పై ఏళ్ళు పనిచేసింది. ఆవిడకూ ఎప్పుడో స్ట్రోక్ వచ్చింది, కుడికాలు ఈడుస్తూ నడుస్తుంది. తనలాంటివాళ్ళను నలుగురైదుగురిని పోగేసి ప్రతి గురువారం చర్చి వెనక పెరట్లో కూర్చోబెడుతుంది. పార్సిల్ కోసం రెస్టారెంట్‌కి వెళ్ళి, కౌంటర్ దగ్గర డబ్బాలు అందిస్తున్న ఆయనను చూసిందట. ఆవిడకు తెలుగులో ఒక్క మాట రాదు. పది నిమిషాలు కూర్చుని విని, ఈయన అన్నింటికీ ఒకే మాట అంటున్నాడని పట్టేసింది. ఓనర్ దగ్గర నా నంబరు తీసుకుని, ఒకసారి రమ్మంది.

పెరట్లో బెంచీలు దూరం దూరంగా వేసి ఉన్నాయి. నన్ను కూర్చోబెట్టి అడిగింది.

"హాస్పిటల్లో బొమ్మలు చూపించిన రోజు నువ్వున్నావా?"

"ఫోన్‌లో ఉన్నాను."

"అతను ఏమన్నాడు?"

"అలిసిపోయి ఉన్నాడు, కొంచెం తడబడ్డాడు, కానీ మొత్తం మీద..."

"అతను ఏమన్నాడని అడిగాను."

చెప్పాను. దువ్వెనకు తువ్వాల అన్నాడనీ, నేను దువ్వెన అన్నాననీ. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. తన కాలిని రెండు చేతులతో ఎత్తి బెంచీ మీద సర్దుకుంది.

"నాకొచ్చినప్పుడూ కాగితం మీద అలాగే రాశారు, భాష రాదని. వాళ్ళ దుప్పట్లు ఉతికినదాన్ని, రోజూ వాళ్ళతో మాట్లాడినదాన్ని. నా రంగు చూశారు, నా నోట్లోంచి వచ్చే గజిబిజి విన్నారు, అది మా దేశపు భాష అనుకున్నారు. పక్క మంచం ఆవిడకు మాట వైద్యం, నాకు నీళ్ళ గ్లాసు." మోకాలు రుద్దుకుంది. "మాట తిరిగొచ్చేది ఎక్కువగా మొదటి నెలల్లోనే. తర్వాతా వస్తుంది కానీ గోరంత గోరంత. నా తరఫున చెప్పేవాళ్ళు లేక నాకలా అయింది. ఇతనికి నువ్వున్నావు కదా."

ఆ చివరి ముక్క ఆవిడ కోపంతో అనలేదు, అర్థం కాక అంది. తల దించుకుని నా చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆవిడే ఒక డాక్టరు వెంటపడి మాట వైద్యానికి చీటీ రాయించింది. జూలైలో ఒక థెరపిస్టు ఆ పెరట్లోకే వచ్చింది, కొంచెం పెద్దావిడ. మళ్ళీ అవే బొమ్మల కార్డులు. నేను మాస్కు పెట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను. దువ్వెన బొమ్మ పైకి లేచింది. ఆయన ఇంకా నోరు తెరవలేదు, నా మాస్కు కదిలిందేమో, ఆయన ఎడమచేయి వచ్చి నా ముఖానికి అడ్డంగా నిలిచింది. తాకలేదు. ఆగు అన్నట్టు అలా ఉంచాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ రోజు మంచం మీద ఆయనకు అంతా తెలుసు. తను తప్పు చెబుతున్నాడనీ తెలుసు, నేను ఒప్పు చెబుతున్నాననీ తెలుసు. సగం జర్మన్ తెలిసిన మనిషి. వద్దని తల ఊపాడు, దాన్ని కూడా నేను మార్చేశాను.

"తువ్వాల" అన్నాడు, గట్టిగా. చేయి దించి నా వైపు చూశాడు.

నేను జర్మన్‌లో తువ్వాల అన్నాను. థెరపిస్టు రాసుకుంది.

తాళంచెవికి తువ్వాల. తువ్వాల అని చెప్పాను. కుర్చీకి తువ్వాల. అదే చెప్పాను. గొడుగుకు ఒక శబ్దం, ఆ శబ్దాన్ని ఉన్నదున్నట్టు నా నోటితో అన్నాను. అన్ని కార్డులూ అయ్యేసరికి ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు, పెద్ద డెక్చా దించి పక్కన పెట్టినప్పుడు ఎలా వాలేవాడో అలా.

గురువారాలు నేనూ వెళ్ళడం మొదలుపెట్టాను. ఒక తుర్కీ ముసలాయన మాట రాదు గానీ పాట పాడతాడు. బస్సు నడిపిన జర్మన్ ఆయన ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి అక్కడే ఆగిపోతాడు. మనవాడు మొదట మిరపకాయలు లెక్కపెట్టడం తిరిగి నేర్చుకున్నాడు. నాలుగు దాకా వచ్చేది, ఐదు దగ్గర తువ్వాల వచ్చేది. అందరూ నవ్వితే తనూ నవ్వేవాడు. అక్కడ ఎవరికీ ఆ నవ్వు తప్పనిపించేది కాదు. మా సంఘం హాల్లో అలాంటి నవ్వు నేనెప్పుడూ వినలేదు.

సెప్టెంబరులో ఆవిడ ఒక కరెంటు పొయ్యి పట్టుకొచ్చి, ఈయన ముందు పెట్టి, వండు అంది. పప్పు నేను ఉడికించి తీసుకెళ్ళాను. ఆయన ఎడమచేత్తో నూనె పోశాడు, ఆవాలు వేశాడు, చిటపట మొదలైంది. గిన్నె పప్పు మీదికి వంచబోతూ, ఎవరూ అడగకుండా, గొంతెత్తి అన్నాడు:

"ఇగో పోపు ఏస్తున్న, ఎనకకు జరుగుండ్రి."

మొత్తం వాక్యం, ఒక్క ముక్క పోకుండా వచ్చింది. తుర్కీ ఆయనా, జర్మన్ ఆయనా, ఘానా ఆవిడా ఏమీ తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశారు. నేను అక్కడే నిలబడిపోయాను. చేతి మీద రెండు చుక్కలు చిందాయి. ఆయనకేమో తను ఏమన్నాడో వెంటనే తెలియలేదు. మా ముఖాలు చూసి తెలుసుకున్నాడు.

గరిట ఎడమచేతిలోనే ఉంది కాబట్టి తన చేతి వెనక చుక్క వేసుకోవడం కుదరదు. నా చేయి పట్టమన్నట్టు గడ్డం ఊపాడు. నా చేయి బోర్లా తిప్పి పట్టాను, చుక్క వేశాడు. కళ్ళు మూసుకుని రుచి చూశాను. చాలా బాగుంది అనబోయాను, అలవాటు అంత తేలిగ్గా పోదు. ఆయన చూస్తున్నాడు.

"ఉప్పు తక్కువైంది అన్నా" అన్నాను.

జారిన చెంపతోనే నవ్వాడు. "ఉప్పు..." అని నన్ను చూపించాడు. మిగతా రెండు మాటలూ రాలేదు. ఆ పూటకు అవి అక్కర్లేదు.

అంతకంటే ఎక్కువ బాగుపడ్డాడని రాయలేను. ఎడమచేతి వంటతో ఉద్యోగం నిలవలేదు, ఉద్యోగం లేక వీసా నిలవలేదు. మరుసటి ఏడు వెళ్ళిపోయే రోజుకు ఓ పాతిక మాటలు, పోపు వాక్యం, కొన్ని మిరపకాయల లెక్క. మొదటి నెలల్లోనే వైద్యం అందితే ఎన్ని వచ్చేవో నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే నాకు నిద్ర లేకుండా చేసేది. ఆయన భార్యకు మాత్రం, జబ్బు వల్ల మాట పోయిందని చెప్పాను. నా వల్ల వైద్యం పోయిందని చెప్పలేదు.

ఆదివారం వచ్చింది. తెర నిండా చిన్న చిన్న పెట్టెల్లో మా ముఖాలు. ఒక పెట్టెలో సగం నుదురూ, తిరుగుతున్న ఫ్యానూ కనబడుతున్నాయి. అది ఆయన భార్య, ఊరినుంచి. అధ్యక్షుడు నన్ను పిలిచాడు.

"ఆ రోజు హాస్పిటల్లో ఆయన చెప్పినవి నేను చెప్పలేదు" అన్నాను. "ఆయనకు మాట తప్పిపోయింది. నేను ఒప్పు జవాబులు చెప్పేశాను. అందుకే మాటకు వైద్యం రాయలేదు. ఆయన వద్దని తల ఊపితే, అవునంటున్నాడని చెప్పాను."

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్ గారు చాలా ఎమోషనల్ అయ్యారు. అంత చేసి కూడా ఇంకా చేయలేకపోయానే అని బాధపడుతున్నారు. అదీ వారి సంస్కారం." తెర మీద చప్పట్ల బొమ్మలు లేచాయి. కాదని తల అడ్డంగా ఊపాను. ఇంకా రెండు గుండె బొమ్మలు వచ్చాయి. నా మైకు అధ్యక్షుడు ఎప్పుడో ఆపేశాడు.

"ఆగుండ్రి సారూ." ఫ్యాను ఉన్న పెట్టెలోంచి గొంతు. "మేడంను మాట్లాడనియ్యుండ్రి."

నా మైకు తెరుచుకుంది.

"మేడం, మీరు చెప్పినయి ఒద్దు. గా రోజు ఆయన ఏమన్నడో గది చెప్పుండ్రి. ఒక్కొక్కటి."

"దువ్వెన చూపించారమ్మా" అన్నాను. "తువ్వాల అన్నాడు. తాళంచెవి చూపించారు, తువ్వాల అన్నాడు. అని, అది కాదని ముఖం చిట్లించుకున్నాడు. కుర్చీకీ అదే అన్నాడు. గొడుగు చాలాసేపు చూశాడు, మాట దొరకలేదు, ఒక శబ్దం చేశాడు." ఆ శబ్దం కూడా చేసి చూపించాను. "తర్వాత నా వైపు తిరిగి వద్దన్నాడు. రెండుసార్లు."

ప్రతిదానికీ ఆమె ఊఁ కొట్టింది. అంతా అయ్యాక నుదురు పక్కకు జరిగి, తెర మీద ఫ్యాను ఒక్కటే మిగిలింది.

"ఇన్నొద్దులు ఆయన మాటలు మీకాడ పెట్టుకున్నరా మేడం" అంది.

"అవునమ్మా" అన్నాను.